లేసు సంగ్రహములు, తద్రక్షకులు

తాళపత్ర ప్రతులను సేకరించుట, వానిలోని పాఠములను సరిచూచుట, కర్తృకాలాదులను నిర్ణయించుట ఈ పత్త్రిక చదువరులకు పరిచితమైన వ్యాపారము. అట్టివారి యెదుట లేసును గూర్చి ప్రసంగించుట వింతగా తోచవచ్చును. రవికచేతులకును, దిండు గలీబులకును, బల్లగుడ్డలకును అంచుగా కుట్టు అలంకారమాత్రమే లేసు అని తలచువారే యెక్కువ. నేనును చిరకాలము అట్లే తలచితిని. లండను, అలాన్సోన్, బురానో నగరములందలి వస్తుసంగ్రహశాలలలో ప్రాచీనపు లేసులను చూచిన పిమ్మట, వానిని కాపాడు అధికారుల విద్యను, ఓర్పును కన్నులార కాంచిన పిమ్మట, ఆ తలంపు తొలగినది. లేసుముక్కయు నొక ప్రతియే. దానికిని మాతృక యుండును. దానికిని పాఠభేదములు, ప్రక్షిప్తములు, తప్పు కర్తృత్వములు ఉండును. ఆ ప్రతిని చదువుట నేర్పువారు లేనిచో అది మూగదై పడియుండును. నాకు చదువుట నేర్పిన వారి మేలును తలచుకొనుచు, లేసు చరిత్రమును గూర్చి నేను గ్రహించిన కొన్ని యంశములను ఈ వ్యాసమున విన్నవింతును.

ముందుగా లేసు అననేమో చెప్పవలెను. మగ్గముపై నేసిన గుడ్డమీద కుట్టిన పని బుటేదారీ యగును గాని లేసు కాదు. ఆధారవస్త్రము లేకయే దారముతో మాత్రమే నిర్మింపబడిన జాలిపనికి లేసు అని పేరు. ఇందు ప్రధానభేదములు రెండు. మొదటిది సూదిలేసు. తోలుకాగితముపై చిత్రమును గీసి, దాని వెనుక రెండుపొరల గుడ్డను చేర్చి, రేఖల వెంట దారములను పఱచి చిన్నకుట్లతో తాత్కాలికముగా బిగింతురు. ఆ దారముల నాధారముగా గొని, బొత్తాము కాజాకు వేయు కుట్టువంటి కుట్టుతో నడిమి ఖాళీలను నింపుదురు. పని ముగిసిన పిదప రెండుపొరల గుడ్డకు నడుమ కత్తి నాడించి తాత్కాలికపు కుట్లను త్రెంపగా లేసు విడివడి చేతికి వచ్చును. రెండవది కండెలేసు. గట్టిగా కూరిన దిండుపై చిల్లులు పొడిచిన నమూనాను నిలిపి, చిన్న చిన్న కండెలకు చుట్టిన దారములను ఒకదానిపై నొకటి దాటించుచు, మెలిపెట్టుచు, గుండుసూదులు గ్రుచ్చి ఆ మెలికలను నిలుపుదురు. మొదటిదానికి సూది యొకటి, దారమొకటి చాలును. రెండవదానికి ఒక్కొక్కప్పుడు వందలకొలది కండెలు కావలెను. కొక్కెము గల సూదితో అల్లు క్రోషే మూడవది. దానిని గూర్చి తరువాత చెప్పెదను.

ఈ కళ పదునాఱవ శతాబ్దమున వెనీసు నగరమునందును, ఫ్లాండర్సు సీమయందును వికసించినది. అంతకు పూర్వము నారగుడ్డలోని పోగులను లాగివేసి, మిగిలినవానిని కుట్లతో బిగించి జాలిగా చేయుట వాడుకలో నుండెను. క్రమముగా గుడ్డ తగ్గి, ఖాళీ పెరిగి, తుదకు గుడ్డయే లేని స్థితి యేర్పడినది. ఇటాలియనులు దానికి ‘గాలిలో కుట్టు’ అను నర్థమిచ్చు ‘పుంతో ఇన్ ఆరియా’ అను పేరుపెట్టిరి. ఈ పరిణామమునకు సాక్ష్యము అచ్చుపుస్తకములందు దొరకుచున్నది. కండెలేసు నమూనాలతో ‘లె పోంపే’ అను పుస్తకము 1557లో వెనీసునందు వెలువడినది. 1561లో జూరిచ్ నగరమున అచ్చయిన మఱియొక నమూనాల పుస్తకపు పీఠికలో, ఈ పని యించుమించుగా ఇరువదియైదేండ్ల క్రిందట వెనీసు వర్తకుల ద్వారా తమ యూరికి వచ్చినదని వ్రాయబడియున్నది. 1587లో ఫెదెరీకో వించోలో పారిసునందును, 1591లో చేసరె వెచెల్లియో వెనీసునందును తమ నమూనాల పుస్తకములను ప్రకటించిరి. వీరు పురుషులు. చిత్రకారిణియగు కతానేయా పరసోలె రోమునగరమున ఇట్టి గ్రంథములను పెక్కింటిని కూర్చినది. అందొకటి 1616 నాటిది. చేతిపనిచేయు స్త్రీల పేళ్లన్నియు మఱుగున పడిన యీ చరిత్రములో గ్రంథకర్త్రిగా నిలిచిన యామె పేరు స్మరణీయము.

పుస్తకములను చదివి యింతవఱకు తెలిసికొనవచ్చును. నేను లండనునకు పోవునాటికి ఇది యంతయు చదివియుంటిని. కావున నాకు లేసు తెలియునను నహంకారము కొంత యుండెను.

లండనులోని విక్టోరియా ఆల్బర్టు మ్యూజియము 1852లో మొదలైనది. కొంతకాలము సౌత్ కెన్సింగ్టను మ్యూజియమని వ్యవహరింపబడి 1899లో నేటిపేరు పొందినది. యంత్రములు తయారుచేయు సరకులకు మంచి రూపము నిచ్చుటకు పనివారికిని, చిత్రకారులకును ప్రాచీనోత్తమ వస్తువులను చూపవలెనను నుద్దేశముతో ఏర్పడిన శాల యగుటచే, అందు లేసులకు మొదటినుండియు తావు దొరకినది. 1865లో ‘లేసు చరిత్రము’ను ప్రకటించిన బరీ పాలిజరు దొరసాని ఈ సంగ్రహమునకు వర్ణనాత్మకమైన పట్టికను సిద్ధముచేసెను. తరువాత ఆలన్ కోల్ దొర దానిని సంస్కరించెను. ఇరువదవ శతాబ్దమున ఆ శాలలోనే వస్త్రశాఖకు అధ్యక్షురాలుగా నుండిన సాంటీనా లీవీ 1983లో ప్రకటించిన లేసు చరిత్రము నేటికిని ఈ విషయమున ప్రమాణగ్రంథము. ఇట్లు సంగ్రహమును కాపాడినవారే దాని చరిత్రమును వ్రాయుట ఈ శాలకు సంప్రదాయమై వచ్చినది.

నేను మొదట చూచినది వెడల్పైన యొక బల్ల, దానిపై పఱచిన నల్లని గుడ్డ. వెలుతురు మందముగా నుండెను. వెలుతురు దారమును క్షీణింపజేయును గాన లేసులను చీకటి సొరుగులలో, ఆమ్లములేని పలుచని కాగితముల నడుమ నుంతురు. అధికారిణి యొక సొరుగును తెఱచి, కాగితమును మెల్లగా తొలగించి, రెండుచేతుల చాచి క్రిందనుండి ఆధారమిచ్చి యొక లేసును బల్లపై నుంచెను. అరచేతియంత వెడల్పు గల పట్టె. నేను వెంటనే ‘ఇది వెనీసు లేసు కాదా?’ యని నా పాండిత్యమును ప్రకటించితిని. ఆమె చిఱునవ్వు నవ్వి, నా చేతికొక భూతద్దము నిచ్చి, ‘పేరు తరువాత చెప్పవచ్చును. ఈ దారము ఎక్కడనుండి బయలుదేరి ఎక్కడికి పోవుచున్నదో చెప్పుడు’ అనెను.

నేనొక గడియసేపు ఆ దారము వెంట కన్నులను నడిపితిని. ఒకచోట పూవు అంచున లావైన పోగు కనబడెను. మఱియొకచోట రెండు దారములు ముడివడి తిరిగి విడివడెను. ఒక మూల జాలి తక్కినజాలికంటె కొంచెము ముతకగా నుండెను. అది తరువాతి కాలమున నెవరో బాగుచేసినచోటని ఆమె చెప్పెను. ప్రాచీనప్రతిలో ఎలుక కొఱికిన పత్రమునకు మాఱుగా వేఱొక లేఖకుడు వ్రాసి చేర్చిన పత్రమువంటి దది. అక్షరముల వాటము మాఱినట్లే ఇచ్చట కుట్టు వాటము మాఱినది. ఆ దినమున నా కొక్క లేసుపేరైనను ఆమె చెప్పలేదు. కాని ఆ దినముననే నాకు లేసును చూచుట పట్టుబడినది.

ఈ పద్ధతి యేల యావశ్యకమో మఱునాడు తెలిసినది. లేసుల పేళ్లు తఱచుగా మోసగించును. ‘పాయింట్ దాంగ్లెతేర్’, అనగా ‘ఇంగ్లండు లేసు’, అను పేర ప్రసిద్ధమైనది నిజమునకు బ్రస్సెల్సు కండెలేసు. 1662లో ఇంగ్లండు పార్లమెంటు విదేశీయపు లేసుల దిగుమతిని నిషేధించినప్పుడు వర్తకులు బ్రస్సెల్సు సరకును చాటుగా తెచ్చి ఇంగ్లీషు లేసని యమ్మిరనియు, అందుచే నీ పేరు నిలిచెననియు కథ. కారణమెట్టిదైనను పేరు చూచి పుట్టినిల్లు నిర్ణయించువాడు ఇచ్చట తప్పక మోసపోవును. అలాన్సోన్, అర్జాన్తాన్ అను రెండూళ్ల పేర రెండువిధములైన సూదిలేసులు కలవు. అర్జాన్తాన్ లేసునకు ఆఱుకోణముల గట్టిజాలి లక్షణము. కాని రెండూళ్లవారును రెండువిధములైన పనియు చేసిరి. కావున ఆ పేళ్లు ఊరును గాక కుట్టునే తెలుపుచున్నవని గ్రహింపవలెను. మెక్లిన్ లేసున పూవు చుట్టును లావైన మెఱుగు దారముండును. వలాన్సియెన్ లేసున అది యుండదు. ఈ చిన్న గుర్తు తెలిసినవాడు పేటికమీది చీటిని చూడకయే రెండింటిని వేఱుచేయగలడు. రసవత్తరమైన చాటువు వినబడినంతనే శ్రీనాథునిదని చెప్పుట మనలో వాడుక. మంచి లేసు కనబడినంతనే వెనీసుదని చెప్పుటయు అట్టి వాడుకయే. భాషను, ఛందస్సును, వ్యాకరణమును చూచి కర్తృత్వమును విచారించు పండితుడు మొదటిదాని నెట్లు తేల్చునో, దారము నడకను చూచి సంగ్రహరక్షకుడు రెండవదాని నట్లు తేల్చును.

ఆ శాలలోనే దారములేని లేసు నొకదానిని చూచితిని. గ్రిన్లింగ్ గిబ్బన్స్ అను శిల్పి 1690 ప్రాంతమున నిమ్మజాతిది కాని ‘లైమ్’ అను చెట్టు కొయ్యతో చెక్కిన కంఠవస్త్ర మది. వెనీసు సూదిలేసులోని ఉబ్బెత్తు పూలు, సన్నని వంతెనలు, చుట్టుముడుతలు అన్నియు కొయ్యలో చెక్కబడియున్నవి. హొరేసు వాల్పోలు 1769లో తన గృహమునకు వచ్చిన ఫ్రెంచి యతిథులను దానిని మెడకు కట్టుకొని ఎదుర్కొనెనట. చూపఱులు దీనిని వినోదవస్తువుగా చూచి నవ్వి పోవుదురు. నాకు దానిని చూపినవారు మాత్రము ‘దీనిని చెక్కినవాని పేరు మనకు తెలియును. దీనికి మాతృకయైన లేసును కుట్టినవారి పేరు తెలియదు’ అని యొక్కమాట చెప్పిరి. ఆ మాట నాకు నాటినది. కొయ్యపై అనుకరించిన పురుషుడు చరిత్రమునకెక్కెను. అనుకరింపబడిన పని చేసిన స్త్రీలు ఎక్కలేదు.

ఈ విషయము ఫ్రాన్సుదేశపు అలాన్సోనులో మఱింత స్పష్టమైనది. పదునేడవ శతాబ్దమున ఫ్రెంచి ప్రభువులు వెనీసు లేసులకై అపారధనమును వ్యయము చేయుచుండగా, పదునాలుగవ లూయీ మంత్రియగు కోల్బేరు ఆ ధనము దేశములోనే నిలుచుట కొఱకు 1665లో రాజపోషణముతో లేసు కర్మశాలల నేర్పాటుచేసెను. వెనీసు పనికత్తెలను రప్పించిరి. అలాన్సోన్ ఆ కేంద్రములలో ముఖ్యము. తొలుత వెనీసు పనికి అనుకరణముగా నున్నది క్రమముగా తనదైన సన్నని జాలిని, లేతపూలను పొందినది. 1789లో మొదలైన విప్లవమున ప్రభువర్గము నశింపగా దానిని కొనువారు కొఱవడిరి. నెపోలియను కాలమున కొంత కోలుకొన్నది. ఇట్లు ఉచ్చనీచములను పొందుచు వచ్చిన యా పని నశింపకుండుటకు 1976లో జాతీయ కర్మశాల యొకటి అచ్చట స్థాపింపబడినది. 2010లో ఐక్యరాజ్యసమితి విద్యావిజ్ఞానసంస్థ యునెస్కో ఆ కుట్టునేర్పును మానవజాతి సాంస్కృతికసంపదలలో చేర్చినది. ఒక చదరపు సెంటిమీటరు లేసునకు ఏడుగంటలు పట్టును. పని పూర్తిగా పట్టుబడుటకు ఏడు మొదలు పదియేండ్లు కావలెను.

అలాన్సోనులోని లలితకళా లేసుల సంగ్రహశాలలో నేను రెండు దినములు గడపితిని. నాకు ఫ్రెంచిభాష చాలినంత రాదు. అచ్చటి యధికారికి ఇంగ్లీషు చాలినంత రాదు. అయినను మా యిరువురికి బాధ కలుగలేదు. ఆయన యొక చట్రమును లాగి, లేసులోని యొక చోటును వ్రేలితో తాకకయే చూపి, గాలిలో సూదికుట్టు వేసినట్లు చేయి త్రిప్పెడివాడు. నేనును అట్లే త్రిప్పెడివాడను. నా త్రిప్పుట తప్పైనచో తల యడ్డముగా ఊపి మరల చేసి చూపెడివాడు. సరియైనచో మఱియొక చట్రమును లాగెడివాడు. జాలిని ఒకరు, పూవులోపలి నింపుడును ఒకరు, అంచును మఱియొకరు చేయుటయు, తుదకు ముక్కలను అతుకు పనిని వేఱొకరు చేయుటయు ఆయన యిట్లే బోధించెను. ఒక్క లేసుపట్టె పలువురి చేతులలో నుండి వచ్చినదని నాకు తెలిసినది. మహాభారతమును మువ్వురు కవులు తెనిగించిరని మనకు తెలియును, వారి పేళ్లును తెలియును. ఈ పట్టెను కుట్టిన పదిమందిలో ఒక్కతె పేరును తెలియదు.

చేతిలేసునకు పెద్దశత్రువు యంత్రము. జాన్ హీత్‌కోటు ఇంగ్లండులో 1808, 1809 సంవత్సరములలో జాలినేయు యంత్రములకు హక్కుపత్రములు పొందెను. 1813లో జాన్ లీవర్సు నాటింగ్‌హామునందు వేఱొక యంత్రమును నిర్మించెను. తరువాతి యేండ్లలో పూలును యంత్రమే నేయసాగినది. 1816లో యంత్రద్వేషులగు పనివారు హీత్‌కోటు కర్మశాలపై బడి యంత్రములను ధ్వంసముచేసిరి. ఆయన వేఱొక యూరికి తరలిపోయి పనిని మరల సాగించెను. యంత్రము నిలిచినది. చేతిపని వెనుకబడినది. వంశపరంపరగా వచ్చిన కుట్లు ఒక్కొక్కటిగా మఱపునకు పాలయ్యెను.

ఒక కళ ఎంత సన్నని దారముపై వ్రేలాడగలదో వెనీసు చెంతనున్న బురానో దీవి చరిత్రము చెప్పును. ఒకనాడు ప్రపంచమునకంతకు సూదిలేసు నేర్పిన యా ప్రాంతమున, పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమునకు ఆ పని యించుమించుగా అంతరించినది. 1872లో గడ్డు చలికాలమున చేపలవేట సాగక దీవివారు ఆకలికి లోనైరి. వారికి జీవనోపాధి కల్పింపవలెనని కౌంటెసు మార్చెల్లో, పావులో ఫాంబ్రి అనువారు పూనుకొనిరి. అప్పటికి పాతకుట్టు మర్మమును ఎఱిగినది వించెంత్స మేమో అను వృద్ధురా లొక్కతె. ఆమెను చెంచ స్కర్పరియోల అని పిలిచెడివారు. ఆమె వేయుచుండగా చూచి మఱియొకతె నేర్చెను. ఆమెయొద్ద తక్కినవారు నేర్చిరి. అట్లు పాఠశాల వెలసి 1970 వఱకు సాగెను. ఆ భవనములోనే 1981లో లేసు సంగ్రహశాల తెఱవబడినది. ఏకైక ప్రతియున్న కావ్యమువంటి దా వృద్ధురాలు. మఱి కొన్నియేండ్లు జాగుచేసినచో ఆ ప్రతి దొరకక పోయెడిది.

బురానో శాలలో నేను చూచిన దృశ్యము మఱువరానిది. గాజుపేటికలలో పాతలేసులు. వాని చెంతనే కుర్చీలలో కూర్చుండి దిండ్లను ఒడిలో నుంచుకొని కుట్టుచున్న ముదుసలి స్త్రీలు. నేనొక పేటిక యెదుట నిలిచి సందేహించుచుండగా, శాలాధికారిణి నన్ను వారిలో నొకరియొద్దకు తోడ్కొనిపోయి, ‘నాకంటె ఈమెకు బాగుగా తెలియును’ అని కూర్చుండబెట్టెను. తన పదవి కంటె తన యెఱుక పరిమితమని యెఱిగి, తెలిసినవారియొద్దకు జిజ్ఞాసువును చేర్చుటయే రక్షకుల లక్షణము. ఆ వృద్ధురాలు పేటికలోని కుట్టును నా యెదుట నాలుగుమాఱులు వేసి చూపెను.

ఇక నా స్వవిషయము కొంత చెప్పవలసియున్నది. లండనునకు పోవునప్పుడు మా మాతామహి యల్లిన లేసుపట్టె యొకటి నా పెట్టెలో నుండెను. ఆమెది నరసాపురము చెంతనున్న పల్లె. ఉబ్బెత్తుగా నున్న గులాబీలు, వానిని కలుపు సన్నని కాడలు. దొరసానులు నేర్పిన సీమపని యని మా యింట చెప్పుకొనెడివారు. వెనీసు లేసుల చిత్రములను చూచిన పిదప, ఆ గులాబీలు వానిని పోలియుండుటచే, ఇది వెనీసు సూదికుట్టే యని నేను నిశ్చయించుకొంటిని. చివరి దినమున సంకోచించుచు దానిని బల్లపై పెట్టితిని. అధికారిణి శాలవస్తువుల నెంత జాగ్రత్తగా నెత్తెనో దీనిని నంత జాగ్రత్తగానే యెత్తి నల్లగుడ్డపై పఱచి భూతద్దమును నాకే యిచ్చెను. నేను దారము వెంట పోతిని. సూదికుట్టు ఎచ్చటను లేదు. ఒక ఉచ్చులోనుండి మఱియొక ఉచ్చు, దానినుండి వేఱొకటి, అంతయు నొకే దారము. అది క్రోషే.

నా ముఖము చిన్నబోవుట యామె గమనించెను. ‘ఇది తక్కువది యని తలపకుడు. ఇట్టి గులాబీలు ఐర్లండు క్రోషేలో ప్రసిద్ధములు’ అని చెప్పి వేఱొక సొరుగును తెఱచెను. 1845లో మొదలైన ఉర్లగడ్డల తెగులుచే ఐర్లండులో ఘోరక్షామము సంభవించినప్పుడు, పేదస్త్రీలు వెనీసు ఉబ్బెత్తు లేసును కొక్కెపు సూదితో అనుకరించి యమ్ముకొని బిడ్డలను బ్రదికించుకొనిరి. సూదితో నెలలు పట్టు పని కొక్కెముతో దినములలో సాగెను. ఆ లేసులను నా మాతామహి పట్టె ప్రక్కన నుంచి చూడగా రెండును అక్కచెల్లెండ్రవలె నుండెను. తరువాత ఆమె కలమును తీసికొని, ‘అల్లినవారి పేరేమి? ఊరేది? ఏనాటిది?’ అని యడిగెను. నేను చెప్పితిని. ఆ మూడింటిని ఒక చీటిపై వ్రాసి నా చేతికిచ్చి, ‘దీనిని లేసుతో పాటు ఎప్పుడును ఉంచుడు. ఈ గదిలోని లేసులలో దానమిచ్చినవారి పేళ్లు చాలవానికి కలవు. చేసినవారి పేళ్లు ఉన్నవి బహుస్వల్పము’ అనెను.

నరసాపురము, పాలకొల్లు ప్రాంతములకు లేసుపని పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చినది. దక్షిణమున నాగర్‌కోయిలులో మార్తా మాల్టు దొరసాని 1820 ప్రాంతమున నేర్పినది కండెలేసు. గోదావరీతీరమున నాటుకొన్నది కొక్కెపు సూదిపని. మనవారి పని సముద్రములు దాటి పరదేశముల బల్లలను, పడకలను అలంకరించినది. మారియా మీస్ అను జర్మను విదుషి ఆ పల్లెలలో పరిశోధించి 1982లో ‘నరసాపురపు లేసు పనివారు’ అను గ్రంథమును ప్రకటించెను. ఏజెంట్లు దారమిచ్చి పోవుటయు, పూవు నల్లు ‘చేతిపని’ యొకరు, పూలను కూర్చు ‘అతుకుపని’ వేఱొకరు చేయుటయు, ఇంత పనియు ఇల్లాండ్ర తీరికవేళ కాలక్షేపమని లెక్కింపబడి కూలి స్వల్పమగుటయు ఆమె నిరూపించెను. అలాన్సోనులో చేతులు త్రిప్పుచు నాకు బోధింపబడిన శ్రమవిభాగమే ఇచ్చటను కలదు. పేళ్లు మఱుగుపడుటయు నట్లే కలదు. 2024లో నరసాపురము క్రోషే లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఊరికి పేరు వచ్చినది. సంతోషము. అల్లినవారికి ఇంకను రావలసియున్నది.

లండను శాలవారు 2025 మే 31న నగరపు తూర్పుభాగమున నూతనమైన నిలువశాలను తెఱచిరి. ముందుగా తెలిపినచో ఎవరైనను, పండితులేమి పామరులేమి, తాము కోరిన వస్తువులను దగ్గఱనుండి చూడవచ్చును. సంగ్రహము దాచుటకు గాక చూపుటకే యను ధర్మమునకు ఇది నిదర్శనము. బ్రౌనుదొర పండితులను నియోగించి తెలుగు ప్రతులను సేకరించి సరిచూపింపనిచో మన కావ్యములలో ఎన్ని నేడు మనకు దక్కెడివో యోచింపుడు. లేసునకును అట్టి సేకరణము కావలెను. అది కష్టసాధ్యము కాదు. గోదావరీమండలమున ఉపాధ్యాయులుగా నున్న మన సభ్యులు తమ విద్యార్థుల యిండ్లలోని పాతలేసుల నుండి యొక్కొక్క ముక్కను అడిగి, అల్లినవారి పేరు, ఊరు, కాలము వ్రాసి చేర్చినచో చాలును. రెండవది పదసేకరణము. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వ్యవసాయమునకు సంబంధించిన మాండలిక వృత్తిపదకోశము వెలువడినది. అట్లే లేసుపనిలోని పూలకు, గొలుసులకు, అంచులకు ఆ స్త్రీలు వాడు తెలుగుమాటలను వారి నోటనే విని వ్రాసికొనవలెను. ఆ మాటలు ఏ నిఘంటువునందును లేవు. వానిని పలుకు ముసలివారు దినదినమునకు తగ్గుచున్నారు. చెంచ వంటి వృద్ధురాలు మన పల్లెలలో నేడును ఎక్కడనో కూర్చుండి అల్లుచుండవచ్చును.

మా మాతామహి పట్టె నేడు నా యింట ఆమ్లములేని కాగితమున చుట్టబడి, పెట్టెలో చీకటియందున్నది. దానితో ఆ చీటియు నున్నది. చదువ వచ్చినవారెవరైనను దానిని కోరినచో తెఱచి చూపుదును. భూతద్దమును ముందుగా వారి చేతికే యిత్తును. నాకట్లే నేర్పిరి.